ముందే చేర్చాల్సిన సరుకు

"ఆడ బీదోళ్లు ఉన్నరా లేరా? గది చెప్పు ముందుగాల," అంది షంషున్నీసా.

సంచి జిప్పు లాగుతున్న మోయిజ్ చేయి ఆగిపోయింది. పొద్దున లేచిన దగ్గర్నుంచి తల్లి నోటి వెంట వచ్చిన మొదటి మాట ఇది. పోయిన వారమంతా ఈ ఇంట్లో అరుపులు. నిన్నటి నుంచి మౌనం. అరుపులే నయమని అతనికి అప్పుడే అనిపించింది. ఇప్పుడు మౌనం వీడింది కదా అని సంతోషపడదామంటే ప్రశ్న ఇలా ఉంది.

"బీదోళ్లా అమ్మీ? అంటార్కిటికాలనా?"

"నువ్వు పోయే జాగల."

"ఆడ ఊర్లే లేవు. స్టేషన్ల పనిచేసేటోళ్లమే ఉంటం. అందరికీ జీతాలుంటయ్."

"అయితే నేను కట్ట," అని షంషున్నీసా వెల్లుల్లి చాట ముందుకు లాక్కుంది.

ఆమె కట్టనన్నది ఇమామ్ జామిన్. ఆ ఇంట్లోంచి దూర ప్రయాణం పోయే ఎవరి చేతికైనా అది కట్టకుండా గడప దాటించింది లేదు. ఆకుపచ్చ గుడ్డలో రూపాయి బిళ్ల చుట్టి కుడి మోచేతి పైన కడతారు. మనిషి క్షేమంగా చేరాక దాన్ని విప్పి, ఆ ఊళ్లో ఎవరైనా బీదవాడి చేతిలో ఆ రూపాయి పెట్టాలి. అప్పుడే ప్రయాణం పూర్తయినట్టు లెక్క. భర్త నూరుద్దీన్ లారీ తోలే రోజుల్లో నాగపూర్‌కు పోయినా బొంబాయికి పోయినా షంషున్నీసానే కట్టింది. పోయినవాడు పోయినట్టే తిరిగొచ్చాడు. అందుకని ఆ గుడ్డముక్క మీద ఆమెకు నమ్మకం లారీ బ్రేకుల మీద కన్నా ఎక్కువ.

"తీసుకునే చెయ్యే లేని జాగకు నిన్నెట్ల పంపాలె?" అని అడిగింది.

మోయిజ్ పొయ్యి దగ్గర జొన్నరొట్టె కొడుతున్న భార్య నిషాత్ వైపు చూశాడు. ఆమె తల ఎత్తలేదు.

మధ్యాహ్నం అతను హైదరాబాద్ బస్సెక్కాలి. రేపు గోవాలో మిగతా బృందాన్ని కలవాలి. అక్కడి నుంచి కేప్‌టౌన్, కేప్‌టౌన్ నుంచి భూమి అడుగున ఉన్న ఆ మంచు ఖండం. అక్కడ మన దేశం నడిపే పరిశోధనా కేంద్రంలో ఏడాదికి పైగా ఉండి, మంచు మీద తిరిగే బండ్లనూ జనరేటర్లనూ చూసుకోవాలి. తిరుమలగిరిలో వరికోత మిషన్లు బాగుచేసే మోయిజ్‌కు అంత దూరపు పని వచ్చిందంటే మొదట ఊరు నమ్మలేదు. తర్వాత ఊరంతా నమ్మింది, తల్లి ఒక్కతే మొండికేసింది. చివరికి ఆమె కూడా సరేనంది, అరుపులు మాత్రం ఆపలేదు. ఎందుకు సరేనందో ఆ కారణం దగ్గరికి కాసేపట్లో వద్దాం. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

గోడవారన కుర్చీలో చాయ్ తాగుతున్న నూరుద్దీన్ గొంతు సవరించుకున్నాడు. ఆ ఇంట్లో ఏ తగాదా వచ్చినా మధ్యేమార్గం చూపే పని ఆయనదే. ఆయన మార్గం ఎవరూ పట్టరనేది వేరే సంగతి.

"కేప్‌టౌన్‌ల దిగుతడు గదా. ఆడ విప్పి ఇయ్యమను. పెద్ద పట్నం, బీదోళ్లకు కొదువుండదు."

"కేప్‌టౌన్ వీడు పోయే జాగనా? నడుమ దిగే స్టాండు. నువ్వు బొంబాయికి పోయినప్పుడు జహీరాబాద్‌ల విప్పినవా?"

నూరుద్దీన్ మళ్లీ చాయ్ గ్లాసు అందుకున్నాడు.

అప్పుడే వాకిట్లో మోటార్ సైకిల్ ఆగింది. సైదులు వచ్చాడు. అతనికి సొంతంగా ఒక చైన్ మిషన్ ఉంది. అంటే టైర్లకు బదులు చైన్ పట్టీల మీద నడిచే వరికోత మిషన్. కోతల కాలంలో దాన్ని కిరాయికి తిప్పుతాడు. అది మడిలో ఆగిపోతే ముందు మోయిజ్‌కు ఫోన్ చేస్తాడు, ఆ తర్వాతే దేవుడికి మొక్కుతాడు.

"తమ్మీ, నువ్వు పోయేలోపు ఒక్క మాట. ఎడమ దిక్కు చైన్ ఊకె జారుతాంది. మళ్ల ఏడాది దాక నువ్వు దొరకవు."

"మస్తు బిగించి కట్టిన్రా?"

"బిగించినం. మా డ్రైవర్ బలంగల్లోడు."

"గదే తప్పన్నా. మడిల తిరుగుతాంటే బురద దూరి చైన్ ఇంకింత బిగుస్తది. జర వదులుగ ఉంచుమను. చక్రాల నడుమ బురద ఎప్పటికప్పుడు గోకుమను."

పని అయిపోయింది. కానీ సైదులు కదల్లేదు. మడిలో మిషన్ ఆగి ఉన్నా సరే, అడగాల్సిన మాట అడగకుండా పోయే మనిషి కాదు.

"ఆడ వరి లేదు, మడి లేదు. చైన్ బండ్లెందుకు తమ్మీ?"

"మంచుల టైరు దిగబడ్తది. మన మడిల ట్రాక్టర్ దిగబడ్డట్టే. చైనయితే బరువు పరుచుకుంటది." చెప్పేకొద్దీ మోయిజ్ ముఖం తేటపడింది. "ఓడ మంచు అంచు దాకనే వస్తదన్నా. ఆడ్నుంచి స్టేషన్ దాక అన్నీ మేమే గుంజుకపోవాలె. చక్రాలు లేని పెద్ద బల్లలుంటయ్, కింద జారుడు పట్టీలు. డీజిల్ టాంకులు, బియ్యం, మందులు, మిషన్ల సామాన్లు, అన్నీ వాటి మీద పెట్టి చైన్ బండ్లకు కట్టి గుంజుడు."

"రోడ్డుంటదా?"

"రోడ్డెక్కడిది? మంచు లోపల నెర్రెలుంటయ్, పైకి కనబడయ్. అందుకే ఒకదాని ఎన్క ఒకటి పోవాలె. ముందటి బండి జాడ వదిలి పోవద్దు."

"నెర్రె ఎంత లోతుంటది?"

ఈ ప్రశ్న సైదులుది కాదు. చాట ముందు కూర్చున్న షంషున్నీసాది. వెల్లుల్లి పొట్టు ఊదుతూ, కొడుకు ముఖం చూడకుండానే అడిగింది.

"కొన్ని మన బాయి కన్న లోతుంటయ్ అమ్మీ."

"నీళ్లుంటయా?"

"ఉండయ్. అడుగు దాక మంచే."

"ఊఁ," అని ఆమె ఇంకో పాయ ఒలిచింది.

నిషాత్ చేతిలో రొట్టె ఒక్క క్షణం ఆగింది. అత్తగారి సంగతి ఆమెకు తెలుసు. కోపమొస్తే తిండి మానదు, పని మానదు, ప్రశ్నలు మానేస్తుంది. కొడుకును ఆ మంచు సంగతి ఒక్కమాట అడగలేదు ఇన్నాళ్లూ. ఇప్పుడు అడుగుతోంది. కోపం తగ్గిందా, ఇంకేదైనా మొదలైందా అనేది తెలియలేదు.

సైదులు ఫోన్ మోగింది. చైన్ మళ్లీ జారిందని డ్రైవర్ చెప్పాడు. లేచి, వాకిలి దాకా పోయి వెనక్కి తిరిగాడు.

"చాచీ, రూపాయి ముచ్చట లోపలికి వస్తాంటేనే ఇన్న. ఆడ పెంగ్విన్లుంటయంట గదా. వాటికన్న సంపాదన లేనోళ్లెవరు? వాటి ముందటేస్తే కాదా?"

నూరుద్దీన్ పకపకా నవ్వాడు. షంషున్నీసా నవ్వలేదు. అయితే తిట్టనూ లేదు. సైదులు బతికి బయటపడ్డాడు.

పాలవాళ్ల ఇంటికి పోయి వస్తానని షంషున్నీసా చెప్పులేసుకుంది. ఆమె సందు మలుపు తిరిగేదాకా చూసి, మోయిజ్ పొయ్యి దగ్గరికి వచ్చి గొంతుకూర్చున్నాడు.

"రొట్టెలు చాలు. ఎన్నని తీస్కపోత?"

"చెప్పిన్రా?" అంది నిషాత్.

"ఏంది?"

"ఏందో మీకు తెలుసు."

అతను నేల వైపు చూశాడు. కారణం దగ్గరికి వద్దామన్నాం కదా, వచ్చేశాం. పనికి ఎంపికైన కాగితం వచ్చిన రోజు తల్లి ఒకే ఒక మాట అడిగింది. నాకేదన్న అయితే వస్తవా అని. మోయిజ్ ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. ఏ ఆపదొచ్చినా రెండు రోజుల్లో విమానంలో వచ్చి వాలుతా అన్నాడు. ఆ మాట మీదే ఆమె సరేనంది.

ఆ మాట సగం నిజం. అక్కడి ఎండకాలంలో, అంటే మన చలికాలంలో, కేప్‌టౌన్ నుంచి విమానాలు వస్తూ పోతూ ఉంటాయి. ఫిబ్రవరి దాటిందంటే ఏదీ రాదు. ఓడ రాదు, విమానం రాదు. మళ్లీ ఎండకాలం వచ్చేదాకా అక్కడున్నవాళ్లు అక్కడే. ఈ రెండో సగం నిషాత్‌కు తెలుసు. అతను మంచుకొండల్లో శిక్షణకు పోయి వచ్చాక ఆమె గుచ్చి గుచ్చి అడిగి తెలుసుకుంది. ఆమెకు ఆ చోటంటే మొదటి నుంచీ మహా కుతూహలం. సూర్యుడు నెలల తరబడి కనబడకపోతే నమాజు వేళ ఎట్లా తెలుస్తుంది, తలుపు తీస్తే గాలి ఎట్లా కొడుతుంది, అన్నీ అడిగింది. ఆడవాళ్లను తీసుకునే పనేదైనా తనకు వచ్చి ఉంటే తానే సంచి సర్దుకునేదాన్నని ఒకసారి అతనితో అంది కూడా.

"ఆడికి పోయినంక ఫోన్ల చెప్త," అన్నాడు మోయిజ్.

"ఫోన్లయితే ఆమె ముఖం చూడనక్కర్లే. గందుకా?"

"ఇప్పుడు చెప్తే పోనియ్యది నిషాత్."

"పోనియ్యకుంటే పోకున్రి."

"నువ్వే అంటున్నవా గీ మాట? పొమ్మన్నది నువ్వే."

"పొమ్మన్న. అబద్ధం చెప్పి పొమ్మనలే." పెనం మీద రొట్టె తిప్పింది. "మీరు పోయినంక గీ ఇంట్ల ఆమె ఎదురుంగ ఉండేది నేను. ఆమెకు జరమొచ్చినప్పుడల్లా, బేటా వస్తడు గదా అని నన్నడుగుతది. నేనేం చెప్పాలె? రోజుకో అబద్ధం నాతోని గూడ చెప్పిస్తరా?"

మోయిజ్ రొట్టెల మీద గుడ్డ కప్పాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"మిషన్ ఖరాబైతే ఈడ సూర్యాపేటకు పోతం, దొరకకుంటే హైదరాబాద్‌కు పోతం. ఆడ ఎక్కడికీ పోలేం. ఉన్న సామానుతోని, ఉన్న తెలివితోనే బండి నడిపియ్యాలె. అది నాతోని అయితదా కాదా ఒక్కసారి చూస్కోవాలెనని ఉన్నది. గంతే. గది అమ్మీకి ఎట్ల చెప్పాలె?"

"గిట్లనే చెప్పున్రి. నాకు చెప్పినట్టే."

వాకిట్లో చెప్పుల చప్పుడైంది. ఇద్దరూ నోరు మూసుకున్నారు.

షంషున్నీసా పాలగిన్నె పెట్టి, పైన అరలోంచి మామిడి తొక్కు పచ్చడి సీసా దించింది. కట్టనన్న మనిషి చేతులే తొక్కు సీసా మూతకు గుడ్డ బిగిస్తున్నాయి. మోయిజ్‌కు ఆశ పుట్టింది.

"ఆడ తిండి ఎట్లనో నువ్వు సక్కగ చెప్పనే లేదు," అంది.

"బియ్యం, పప్పు, పిండి, గడ్డ కట్టిచ్చిన మాంసం, ఎండబెట్టిన కూరగాయలు. అన్నీ ఓడలనే వస్తయ్ అమ్మీ."

"నెలనెలా వస్తదా ఓడ?"

"ఏడాదికొక్కసారి."

ఆమె సీసా పక్కన పెట్టింది.

"నడుమ ఒడిసిపోతే?"

"ఒడువయ్. ఒక్క ఏడాదికి సరిపోయేటంత కాదు, ఇంకా మస్తు ఎక్కువ పెడ్తరు. మరుసటేడు ఓడ రాలేదనుకో, బతకాలె గదా."

"ఎందుకు రాదు?"

"సముద్రం గడ్డ కడ్తది."

"సముద్రమా?" షంషున్నీసా మొదటిసారి కొడుకు వైపు తిరిగింది. "ఉప్పు నీళ్లు గూడ గడ్డ కడ్తయా?"

"కడ్తయ్. ఉత్త నీళ్ల కన్న జర చలి ఎక్కువ కావాలె, గంతే."

కుర్చీలోంచి నూరుద్దీన్ కూడా ముందుకు వంగాడు. ఆయన దేశంలో సగం రోడ్లు తిరిగాడు కానీ సముద్రం గడ్డకట్టడం ఎక్కడా వినలేదు. దాని మీద మనుషులు నడవొచ్చా అన్నాడు. నడవొచ్చు, కొన్నిచోట్ల బండ్లే పోతాయని మోయిజ్ చెప్పాడు. ఆ ఇంట్లో చాలా రోజుల తర్వాత ఎవరూ ఎవరి మీదా కోపంగా లేని ఒక గడియ గడిచింది. నిషాత్ పొయ్యి మంట తగ్గించి వింటూ కూర్చుంది.

"మరి డీజిలు?" అంది షంషున్నీసా.

"అదీ ఓడలనే. మన డీజిలయితే ఆ చలికి పేరిన నెయ్యి లెక్క అయితది. వేరే రకముంటది. టాంకులల్ల నింపి పెడ్తరు. దాంతోని జనరేటర్లు. జనరేటర్లతోనే వెచ్చదనం, నీళ్లు, వంట, ఫోను."

"ఆగిపోతే?"

"ఇంకోటి ఉంటది. అదీ ఆగితే ఇంకోటి. ఆగనియ్యకుండ చూసుడే నా పని."

"నీళ్లకు?"

"దగ్గర్ల చెరువున్నది. పైన గడ్డ కట్టినా అడుగున నీళ్లుంటయ్. పైపు లోపల గడ్డ కట్టకుండ దాని చుట్టూ కరెంటు తీగ చుట్టి వెచ్చగ ఉంచుతరు."

"చెత్తంతా ఎక్కడ పారేస్తరు?"

"పారెయ్యం. డబ్బాలల్ల పెట్టి ఓడల వాపస్ పంపుడే. ఆడ ఏదీ వదిలిపెట్టొద్దు."

"మన గల్లీల చెప్పాలె గీ ముచ్చట," అన్నాడు నూరుద్దీన్.

షంషున్నీసా ఆయన్ని పట్టించుకోలేదు. పీట జరుపుకుని కొడుకు ఎదురుగా కూర్చుంది. ఆమె ప్రశ్నలకు ఒక వరస ఉందని నిషాత్‌కు అప్పుడు తోచింది.  ఆపాలో వద్దో తెలియలేదు.

"పన్ను నొస్తే?"

"డాక్టర్ సాబ్ ఉంటడు. చిన్న దవాఖాన ఉంటది."

"కడుపు కొయ్యాల్సొస్తే?"

"ఆడనే కోస్తడు."

"కోసినా మనిషి బతకకుంటే?"

"ఏం మాటలే అవి, పిల్లగాడు బయలెళ్లే యాళ్ల," అని నూరుద్దీన్ కసిరాడు.

"అడుగుతున్న. బియ్యం ఎట్ల పోతయో, చెత్త ఎట్లొస్తదో అన్నీ తెలుసు వీనికి. మనిషి ఎట్లొస్తడో తెల్వదా?"

మోయిజ్ గొంతు తగ్గింది. "ఓడ వచ్చేదాక చలిల భద్రంగ ఉంచుతరు అమ్మీ. ఓడొచ్చినంక పంపిస్తరు."

"ఓడలనా?"

"అవ్."

"ఏడాదికొక్కసారి వచ్చే ఓడల?"

అతను తలూపాడు. ఊపిన తర్వాత అర్థమైంది తానేం ఒప్పుకున్నాడో.

"మరి నువ్వెక్కొస్తనన్న ఇమానం ఏమాయె?" అంది షంషున్నీసా. గొంతు పెంచలేదు. "రెండు రోజుల్ల వచ్చి వాలుత అన్నవు. పోయినోణ్ని ఓడొచ్చేదాక ఉంచుతరంటున్నవు. పానం పోయినోనికి దొరకని ఇమానం పానమున్నోనికి యాడ దొరుకుతది బేటా?"

పెనం మీద రొట్టె మాడిన వాసన వచ్చింది. నిషాత్ దాన్ని తీయడం మరిచిపోయింది.

మోయిజ్ ఏం చెప్పినా చెల్లేది. ఏదో కారణం అల్లొచ్చు. ఆమె చదువుకోలేదు, వెళ్లి ఎవర్నీ అడగదు. నిషాత్ అతని ముఖం వైపే చూస్తోంది. ఇంకో అబద్ధం చెబితే ఈ మనిషిని తాను ఇదివరకటిలా చూడలేనని ఆమెకు గట్టిగా అనిపించింది.

"ఆడ ఎండకాలంలనే ఇమానం వస్తది అమ్మీ," అన్నాడు మోయిజ్. "ఫిబ్రవరి దాక. అటెన్క ఏదీ రాదు. మళ్ల మన దీపావళి దాటాలె."

"అప్పుడు నాకేమన్నయితే?"

"ఫోన్ చేస్త. మాట్లాడ్త."

"వస్తవా అని అడుగుతున్న."

"రాలేను."

వాకిలి ముందు నుంచి ఎవరిదో ట్రాక్టర్ వడ్లు వేసుకుని పోయింది. 

ముందు లేచింది నూరుద్దీన్. ఆ మనిషికి కోపం రావడం నిషాత్ ఇప్పటిదాకా చూడలేదు. "తల్లితోని అబద్ధమాడినవా? నేను ముప్పై ఏండ్లు లారీ తోలిన. ఆలస్యమైతదంటే అయితదని చెప్పి పోయిన. గిట్ల ఎన్నడన్న చెప్పిన్నా?" అని చేతిలో గ్లాసు కిందపెట్టాడు. "ఫోన్ చెయ్యి. రానని చెప్పు వాళ్లకు."

"చెప్త అబ్బా." మోయిజ్ తండ్రి ముందే ఫోన్ బయటికి తీశాడు.  "నా ఎన్క ఇంకొకాయన తయారుగున్నడు. ఇప్పుడు చెప్పినా ఏం కాదు. అమ్మీ, తప్పు నాదే. నీ నోటితోని ఒక్కసారి వద్దను. పోను."

షంషున్నీసా వద్దనలేదు, పొమ్మననూ లేదు. కోడలి వైపు తిరిగింది.

"నీకెరికేనా?"

"ఎరికే అమ్మీ."

"నాకెందుకు చెప్పలే?"

"ఆయన నోటితోనే చెప్పాలెనని చూసిన."

షంషున్నీసా కోడల్ని చాలాసేపు చూసింది. తిడుతుందనుకుంది నిషాత్. తిట్టి ఉంటే బాగుండేది. ఆమె మోకాలి మీద చేయి ఆనించి లేచి, పెరట్లోకి పోయింది.

లోపల ముగ్గురూ ముగ్గురు పరాయివాళ్లలా కూర్చున్నారు. బస్సు వేళవుతోందని ఎవరికీ చెప్పాలనిపించలేదు. మోయిజ్ ఫోన్‌లో నంబర్ తీసి పెట్టుకున్నాడు. నొక్కలేదు. పెరట్లో ఏదో గోకుతున్న చప్పుడు వినిపించి ఆగిపోయింది.

ఆమె తిరిగొచ్చేసరికి ఒక చేతిలో ఆకుపచ్చ గుడ్డ ఉంది. ఇంకో చేతిలో మూత ఉన్న స్టీలు డబ్బా.

"చొక్కా మలువు," అంది.

మోయిజ్ కుడి చేయి చొక్కా పైకి మడిచాడు. ఆమె రూపాయి బిళ్లను గుడ్డలో చుట్టి, లోలోపల దువా చదువుకుంటూ మోచేతి పైన రెండు ముళ్లు వేసింది. ముడి గట్టిగా ఉందో లేదో లాగి చూసింది.

"మరి బీదోడు?" అన్నాడు నూరుద్దీన్ అయోమయంగా.

"బీదోళ్లు ఈడ లేరా? తిరిగొచ్చినంక ఈడనే ఇస్తడు." కొడుకు చొక్కా చేయి కిందికి దించింది. "బీదోళ్ల ముచ్చట ఊకె పెట్టిన. వీడు ఏదో దాస్తున్నడని నిన్ననే తెల్సింది నాకు. తొక్కు పెట్టనా అంటే కండ్లల్లకు చూడకుండ పెట్టు అన్నడు. ఏం దాస్తున్నడో తెల్వాలె గదా."

నిషాత్‌కు కళ్లు చెమర్చాయి. గెలిచామన్న సంతోషంతో మోయిజ్ తల్లి రెండు చేతులూ పట్టుకోబోయాడు. ఆమె చేతులు ఇవ్వలేదు. కట్టేటప్పుడు కింద పెట్టిన డబ్బాను అందుకుంది. మూత తీసి అతని ముందు పెట్టింది. లోపల రాళ్లు ఏరి మెత్తగా చేసిన పెరటి మట్టి.

"నేను పంపుతున్న. ఇగ నువ్వు నాకు ఇచ్చేది ఇచ్చి పో," అంది. "మూడు పిడికిళ్లు. చేతిలకు తీస్కొని మళ్ల దీంట్లనే వెయ్యి."

నూరుద్దీన్‌కు ముందు అర్థమైంది. ఖబరస్తాన్‌లో సమాధి పూడ్చేటప్పుడు వచ్చినవాళ్లంతా మూడేసి పిడికిళ్ల మట్టి వేస్తారు. తల్లికి కొడుకు వేసే మట్టి అన్నిటికన్నా ముందుది.

"షంషూ, గట్ల ఎక్కడన్న ఉన్నదా? మనిషి బతికుండంగ? మౌల్వీ సాబ్ ఇంటే నవ్వుతడు."

"నవ్వనీ. నేను మౌల్వీ సాబ్‌ను అడుగుతలే, నా కొడుకును అడుగుతున్న." ఆమె మోయిజ్‌నే చూస్తోంది. "ఆడ చలికాలంల ఏదీ రాదని ఎరికైనోళ్లు బియ్యం, డీజిలు, మందులు అన్నీ ముందే చేర్చి పెట్టుకుంటరని నువ్వే చెప్పినవు. ఓడ పోయినంక ఏడ్చి లాభం లేదు. నాక్కావాల్సింది గూడ ముందే పెట్టి పో. ఎప్పుడన్న అవసరం పడితే నీ పేరు మీద మీ అబ్బా వేస్తడు."

"అమ్మీ, భయపెడ్తున్నవా నన్ను?"

"భయపెట్టి ఆపేదుంటే చెయ్యికి గుడ్డ కడ్తనా?"

ఆ మాట నిజం. నిషాత్ అత్తగారి ముఖం వైపు చూసింది. అందులో బెదిరింపు లేదు, కన్నీళ్లు లేవు. ఇంట్లో ఉప్పు అయిపోతే తెమ్మని చెప్పేటప్పుడు ఎలా ఉంటుందో అలాగే ఉంది. ఈ నెలలో ఆమె చేతి గాజులు ముంజేయి దాటి మోచేతి దాకా జారుతున్నాయి. దిగులుతో తగ్గిందనుకుంది నిషాత్. దిగులు అంత తొందరగా మనిషిని తగ్గిస్తుందా?

ఆ గాజులను మోయిజ్ కూడా చూశాడు. ఇన్ని రోజులుగా కళ్లలోకి చూడలేకపోయిన కొడుకు ఇప్పుడు తల్లిని పూర్తిగా చూశాడు.

"నీకేమైంది అమ్మీ?"

షంషున్నీసా డబ్బాను ఇంకొంచెం అతని వైపు జరిపింది.

"ముందుగాల మట్టి ఇయ్యి. అటెన్క అడుగు."

"అడిగితే చెప్తవా?"

"నువ్వు నిజం చెప్పినవు గదా. నేను గూడ చెప్త."

నూరుద్దీన్ కుర్చీ కోసం చేత్తో వెనక్కి తడుముకున్నాడు. మోయిజ్ చేయి డబ్బా అంచు దాకా వచ్చి, అక్కడ ఆగింది.